చపాతీ చెల్లదు, ఇడ్లీ చెల్లుతుంది: పస్కా రొట్టె వెనక ఉన్న లెక్కలు

చపాతీ పిండిలో మనం ఈస్టు వేయం, సోడా వేయం. పిండి, నీళ్ళు, చిటికెడు ఉప్పు, అంతే. కాబట్టి బైబిల్లో చెప్పిన పులియని రొట్టె అంటే చపాతీ లాంటిదే అనుకుంటాం. కానీ పస్కా అంటే ఐగుప్తు (ఈజిప్టు) నుంచి విడుదలను గుర్తుచేసుకునే యూదుల పండుగ, ఆ వారమంతా పులిసినది నిషిద్ధం. ఆ వారంలో నియమంగా ఉండే యూదుల ఇంటికి ఈ చపాతీ పట్టుకెళ్తే గుమ్మం దాటనివ్వరు. పిండి తడిపి అరగంట మూతపెట్టి నాననిచ్చారు కదా, అక్కడే అది పులిసినదాని కింద జమ అయిపోయింది. తమాషా ఏమిటంటే, రాత్రంతా పులిసి గిన్నె అంచుదాకా పొంగిన ఇడ్లీ పిండి మాత్రం యూదు పండితుల చర్చల గ్రంథమైన తాల్మూద్ లెక్క ప్రకారం ఆ నిషేధం కిందికి రాదు.

పులియని రొట్టె అంటే ఈస్టు వేయని రొట్టె అని సరిపెట్టుకుంటే ఈ తిరకాసు ఎప్పటికీ విడిపడదు. అక్కడ చూసేది మూడు సంగతులు: ఏ గింజ పిండి, ఆ పిండికి నీళ్ళు తగిలి ఎంతసేపైంది, లెక్క కట్టేది ఎవరి సంప్రదాయం. పండుగ పుట్టుక దగ్గర్నుంచి క్రైస్తవుల ప్రభు భోజనం (యేసు చివరి భోజనం జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) బల్ల దాకా జరిగిన వాదాలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి.

యవల కోత, పాత పులుపు

నిర్గమకాండం 12వ అధ్యాయం చెప్పే కారణం అందరికీ తెలిసిందే. ఐగుప్తు నుంచి తరిమేస్తుంటే పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక, పిసికిన ముద్దలనే తొట్లతో సహా మూటగట్టి భుజాన వేసుకుని ఇశ్రాయేలీయులు బయల్దేరారు. అయితే అదే అధ్యాయంలో, బయల్దేరక ముందే, గొర్రెపిల్ల మాంసాన్ని పులియని రొట్టెతో, చేదు కూరలతో తినమన్న ఆజ్ఞ ఉంది. అంటే తొందర వల్ల పులియలేదన్న కారణం ఒకటి, ముందే పెట్టిన నియమం ఒకటి, రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

దీన్ని చూసే చాలామంది పండితులు ఇక్కడ రెండు పండుగలు కలిశాయంటారు. ఒకటి మందలు కాచేవాళ్ళ వసంతకాలపు గొర్రెపిల్ల బలి. రెండోది రైతుల పండుగ: కొత్త యవలు (బార్లీ) కోతకొచ్చినప్పుడు, నిరుటి పిండితో పెంచుకుంటూ వచ్చిన పులుపును పారేసి, కొత్త పంటతో మళ్ళీ మొదలుపెట్టడం. పండుగ వచ్చే నెలకు తోరా (బైబిల్లోని మొదటి ఐదు కాండాలు) ఇచ్చిన పేరు ఆబీబు, అంటే యవలు వెన్ను వేసే నెల. వడగళ్ళ తెగులు కథలో కూడా యవలు వెన్ను వేశాయి గనుక దెబ్బతిన్నాయనీ, గోధుమలు వెనక పంట గనుక తప్పించుకున్నాయనీ పైరు లెక్క సరిగ్గా ఉంటుంది. 1908లో ఇశ్రాయేలులోని గెజెరులో దొరికిన, క్రీస్తుపూర్వం 10వ శతాబ్దపుదని చెప్పే చిన్న సున్నపురాయి పలక మీద కూడా ఏడాది పొలం పనుల్లో యవల కోతకు ఒక నెల కేటాయించి ఉంది.

ఈ రెండు పండుగలు ఒక్కటై యెరూషలేముకు చేరడంలో యోషీయా రాజు పాత్ర పెద్దది. ఆయన ఏలుబడి 18వ ఏట, సుమారు క్రీ.పూ. 622లో, దేశమంతా యెరూషలేములోనే పస్కా ఆచరించిందని రాజుల గ్రంథం చెబుతుంది. న్యాయాధిపతుల కాలం నుంచి అలాంటి పస్కా జరగలేదని కూడా అందులోనే ఉంది. ఇంటి పండుగ గుడి పండుగగా మారిన మలుపు అది.

బైబిలు బయట దీనికి దొరికే పాత ఆధారం ఐగుప్తులోనే ఉండడం విశేషం. అస్వాన్ దగ్గర నైలు నది మధ్య ఎలిఫెంటైన్ ద్వీపంలో పారసీకుల కొలువులో యూదు సైనికులు కాపురముండేవారు. క్రీ.పూ. 419లో, రెండో దర్యావేషు ఏలుబడి ఐదో ఏట, హనన్యా అనే ఆయన వాళ్ళ పెద్ద యెదన్యాకు అరామిక్‌లో రాసిన ఉత్తరం చిరుగులతో మిగిలింది. నీసాను (ఆబీబు నెలకే తర్వాతి పేరు) 15 నుంచి 21 దాకా పులిసినది తినొద్దని అందులో ఉంది. దాన్ని గదుల్లో పెట్టి ముద్ర వేయమన్నట్టు కూడా కనిపిస్తుంది. తర్వాతి రబ్బీల (యూదు మతగురువుల) చట్టం ఇంత మెత్తగా ఉండదు. ఇంట్లో ఉంచుకోవడమే తప్పంటుంది: తినెయ్యాలి, కాల్చెయ్యాలి, లేదా యూదుడు కానివాడికి నిజంగా అమ్మెయ్యాలి. ఈ అమ్మకానికి ఇప్పటికీ పత్రం రాసుకుంటారు. ఇశ్రాయేలు ప్రభుత్వ గోదాముల్లోని గోధుమల్ని కూడా ఏటా పండుగ ముందు ఇలాగే అమ్మి, తర్వాత తిరిగి తీసుకుంటారు.

పులుపు అంటే ఏమిటి

పొట్లం ఈస్టు నిన్నమొన్నటిది. పాతకాలంలో పులుపంటే పోయినసారి పిండిలోంచి తీసి దాచిన ముద్ద. తెలుగు బైబిల్లో పులిపిండి అన్నది దాన్నే. అందులో గాలిలోంచీ గింజ పొట్టులోంచీ వచ్చిన ఈస్టులు, లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా కలిసి బతుకుతాయి. పిండి తడవగానే గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టడం మొదలుపెడతాయి. ఆ చక్కెర తిని ఈస్టు బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. గోధుమలోని గ్లూటెన్ జాలం ఆ వాయువును పట్టి ఉంచితే రొట్టె పొంగుతుంది. యవల్లో ఈ జాలం బలహీనం, అందుకే యవల రొట్టె చదునుగా, పెళుసుగా వస్తుంది.

దాచిన ముద్ద లేకుండా వట్టి పిండీ నీళ్ళూ కలిపి వదిలేస్తే కంటికి కనిపించే పొంగు రావడానికి ఒక పగలూ రాత్రీ పట్టొచ్చు. రొట్టెను నమ్మకంగా పొంగించే పులుపు తయారవడానికి దాదాపు వారం కావాలి. అందుకే పండుగకు ముందు పిసికే తొట్టిని గీకి కడగడం మీద అంత పట్టింపు: గోళ్ళసందుల్లో, కొయ్య పగుళ్ళలో మిగిలిన పాత పిండే అసలు విత్తనం. పండుగ ముగిశాక ఎదురయ్యే ఇబ్బంది కూడా ఇదే, మళ్ళీ పులుపు ఎక్కడినుంచి తేవాలి? మొరాకో యూదులు పస్కా ముగిసిన రాత్రి చేసుకునే మిమూనా పండుగలో దీనికి చక్కటి జవాబు ఉండేది. ముస్లిం ఇరుగుపొరుగు వాళ్ళు పిండి, పులుపు తెచ్చి ఇచ్చేవారు. వాటితో ఆ రాత్రే పలుచటి ముఫ్లెటా రొట్టెలు కాల్చి, వెన్న, తేనె రాసి, వచ్చినవాళ్ళందరికీ పెట్టేవారు.

18 నిమిషాలు ఎక్కడివి?

వట్టి పిండి పొంగడానికి గంటలు పడుతుంటే 18 నిమిషాల గడువెందుకు? ఇది సూక్ష్మజీవుల లెక్క కాదు, నడక లెక్క.

పిండి పులిసిన గుర్తులు తాల్మూద్‌కు పునాది అయిన చట్ట సంకలనం మిష్నాలో ఉన్నాయి: పైన మిడత మీసాల్లాంటి చీలికలు మొదలవడం ఒకటి, చీలికలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోవడం ఇంకొకటి. మరి ఏ గుర్తూ కనిపించని పిండి సంగతేమిటి? మిగ్దాల్ నునయా నుంచి తిబెరియకు నడిచేంత సేపు, అంటే ఒక మిల్ దూరం నడిచేంత సేపు గడిస్తే పులిసినట్టే అని తాల్మూద్ జవాబు. మిల్ అంటే 2,000 మూరలు, సుమారు ఒక కిలోమీటరు. (ఇప్పుడు మగ్దల అని చూపించే చోటు నుంచి తిబెరియకు దాదాపు 5 కిలోమీటర్లుంటుంది. కాబట్టి ఆ మిగ్దాల్ వేరే ఊరై ఉండాలని వాదించేవాళ్ళున్నారు.)

మామూలు మనిషి ఒక్క పగలు 40 మిల్లు నడుస్తాడని తాల్మూద్‌లోనే ఇంకోచోట ఉంది. పగలు 12 గంటలు, అంటే 720 నిమిషాలు. దాన్ని 40తో భాగిస్తే 18. యూదు ఆచారాల చట్టసంగ్రహం షుల్హాన్ ఆరూఖ్ దీన్నే గంటలో పావు భాగం, ఇంకా ఇరవయ్యో వంతు అని రాసింది: 15కి 3 కలిపితే 18. అయితే ఆ 40 మిల్లుల్లో తెల్లవారుజామున, మునిమాపున నడిచినవి కూడా ఉన్నాయి గదా, సూర్యోదయం నుంచి అస్తమయం దాకా లెక్కేస్తే 32 మిల్లులే అన్నవాళ్ళకు 22.5 నిమిషాలు వచ్చింది. 30 మిల్లులు అన్నవాళ్ళకు 24. ఆచారంలో మాత్రం అన్నిటికన్నా కురచదే నిలిచింది.

ఇక్కడే జనం పొరబడేది ఇంకొకటుంది. మూల నియమం ప్రకారం ఈ 18 నిమిషాలు చెయ్యి తీసి వదిలేసిన పిండికి. ఆపకుండా పిసుకుతూ ఉన్నంతసేపు పిండి పులవదనే తాల్మూద్ అంటుంది. మిష్నా కాలంలో ముగ్గురు ఆడవాళ్ళు ఒకే పొయ్యి దగ్గర వంతులేసుకుని చేసేవారు: ఒకరు పిసుకుతుంటే, ఒకరు ఒత్తుతుంటే, ఒకరు కాలుస్తుండేవారు. చెయ్యి ఆగకూడదన్నదే దాని వెనక ఉన్న సూత్రం. తర్వాతివాళ్ళు భయం కొద్దీ, నీళ్ళు పోసిన క్షణం నుంచి పొయ్యిలోకి వెళ్ళేదాకా మొత్తం 18 నిమిషాలే అని బిగించారు. చట్టం చుట్టూ వేసిన కంచె అన్నమాట. మన చపాతీ ఓడిపోయేది ఈ కంచె దగ్గర కూడా కాదు. అరగంట ముట్టుకోకుండా వదిలేశాం కాబట్టి మూల నియమం దగ్గరే ఓడిపోతుంది.

మత్సా చేసే చోట

చేత్తో మత్సా (పస్కాకు చేసే పులియని రొట్టె) కాల్చే బట్టీలో పనంతా ఈ గడియారం చుట్టూనే నడుస్తుంది. ముందురోజు సాయంత్రం నీళ్ళు తోడి రాత్రంతా చల్లారనిస్తారు, ఎందుకంటే వేడి పులుపును తొందరపెడుతుంది. విసిరిన పిండి తిరగలి వేడి తగ్గేదాకా వాడరు. షెమూరా, అంటే కాపలా కాసిన మత్సా అయితే, కోసినప్పటి నుంచి గోధుమకు తడి తగలకుండా చూస్తారు. పిండి పోసేవాడు ఒక గదిలో, నీళ్ళు పోసేవాడు ఇంకో గదిలో. పిండి దుమ్ము నీళ్ళకుండలో పడితే అక్కడ గడియారం ఎవరికీ తెలియకుండా మొదలైపోతుంది గనుక ఈ జాగ్రత్త. కిటికీలోంచి ఎండ పడకుండా తెర కడతారు. ఎండలో పిసకొద్దన్న మాట తాల్మూద్‌లోదే.

సుమారు మూడు పాళ్ళ పిండికి ఒక పాలు నీళ్ళు. ఉప్పు వేయరు, నూనె వేయరు. చపాతీ ముద్దకన్నా గట్టిగా, పిసకడానికి మోటుగా ఉంటుంది. కొద్ది కొద్దిగానే కలుపుతారు, పెద్ద ముద్దైతే ఒక మూల పిసుకుతుండగా ఇంకో మూల ఊరకే పడి ఉంటుంది కాబట్టి. ఉండలు చేసి, సన్నటి కొయ్య కర్రలతో అప్పడమంత పలుచగా ఒత్తి, పళ్ళచక్రంతో బొక్కలు పొడుస్తారు. పొడవకపోతే ఆవిరి లోపల చిక్కుకుని రొట్టె పుల్కాలా ఉబ్బుతుంది. తర్వాత పొడవాటి కర్రకు వేలాడేసి, 400 డిగ్రీలు దాటిన పొయ్యిలో పరుస్తారు. నిమిషంలోపే తీసేస్తారు. ఒక విడత అవగానే బల్లల మీది కాగితం మారుస్తారు, కర్రలు శుభ్రం చేస్తారు లేదా మార్చేస్తారు, చేతులు గోళ్ళదాకా కడుగుతారు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఎక్కువగా పొయ్యిలోనే. రొట్టె అంచు ముడుచుకుంటే ఆ మడతలోకి వేడి పోదు, లోపల పచ్చిగా ఉండిపోయిన పిండి మెల్లగా పులుస్తుంది. దాన్ని పక్కన పడేస్తారు. మధ్యలో హేజల్ గింజంత బుడగ లేస్తే కూడా పనికిరాదంటారు. కాలిందో లేదో చూడడానికి పాత పరీక్ష ఇప్పటికీ పనిచేస్తుంది: విరిస్తే మధ్యలో పిండి తీగలు సాగకూడదు. ఒకసారి ఇలా కాలిన రొట్టె ఇక పులవదు. ఎంజైములు చచ్చాయి, గ్లూటెన్ బిగిసింది.

నీళ్ళ బదులు పండ్లరసంతోనో గుడ్డుతోనో కలిపితే? చుక్క నీళ్ళు లేకపోతే పులవదు, కొంచెం నీళ్ళు కూడా కలిస్తే మామూలుకన్నా తొందరగా పులుస్తుంది, ఇదీ నియమం. అందువల్ల మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులు ఇలాంటి రొట్టెను పండుగలో ముసలివాళ్ళకు, జబ్బుపడ్డవాళ్ళకే వదిలేశారు. పండుగ మొదటి రాత్రి విధిగా తినాల్సిన ముక్కకు ఇది ఎవరికీ చెల్లదు, ఎందుకంటే ద్వితీయోపదేశకాండం దాన్ని బాధను గుర్తుచేసే రొట్టె అన్నది. రుచిగా ఉన్నది ఆ పని చేయదు.

ఇప్పుడు అట్టపెట్టెల్లో దొరికే కరకరలాడే మత్సా చూసి, మోషే కాలంలోనూ ఇదే తిన్నారనుకోకూడదు. యెమెను, ఇరాకు యూదుల మత్సా ఇప్పటికీ మెత్తగా, చుట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. పాతకాలపు యూదు గురువు హిల్లేలు మాంసాన్నీ చేదు కూరనూ రొట్టెలో చుట్టి తినేవాడన్న మాటకు అర్థం రావాలంటే రొట్టె మెత్తగా ఉండాల్సిందే. చూడ్డానికి చపాతీకి తోబుట్టువు అదే, నాననివ్వకపోవడమే తేడా. ఐరోపాలో పిండి నెమ్మదిగా పులిసినా భయం మాత్రం పెరిగి, రొట్టె పలుచబడుతూ పోయింది. పలుచనిది తొందరగా కాలుతుంది, నెలల తరబడి నిలవ ఉంటుంది.

యంత్రం వచ్చినప్పుడు జరిగిన గొడవ కూడా చెప్పుకోదగ్గదే. 1838లో అల్సాస్‌లోని రిబోవిల్లేలో ఐజాక్ సింగర్ అనే యూదుడు పిండి ఒత్తే యంత్రం చేశాడు (కుట్టుమిషన్ సింగర్ వేరు). 1859లో బ్రోడీ ఊరి రబ్బీ ష్లోమో క్లూగర్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. మత్సా ఒత్తి పండుగ ఖర్చు సంపాదించుకునే బీద ఆడవాళ్ళ పొట్ట కొడుతుందన్నది ఆయన వాదనల్లో ఒకటి. పళ్ళచక్రాల్లో ఇరుక్కున్న పిండి తునకలు పులుస్తాయన్న వాదం ఇంకొకటి. ల్వీవ్ రబ్బీ జోసెఫ్ సాల్ నాథన్సన్ యంత్రం పక్షం వహించాడు. మనిషి చేతికన్నా అది వేగంగా, తడబడకుండా పనిచేస్తుందన్నాడు. బీదల పొట్ట గురించిన వాదానికి ఆ పక్షం నుంచి సరైన జవాబు రాలేదనే నాకు అనిపిస్తుంది.

గింజల చిక్కు, ఇడ్లీ తీర్పు

మిష్నా ఐదు గింజలు చెబుతుంది. గోధుమ, యవలు సందేహం లేనివి. మూడోది ఎమ్మర్ లేదా స్పెల్ట్ జాతి పొట్టు గోధుమ. మిగతా రెండింటిని ఐరోపా రబ్బీలు రై, ఓట్స్ అని చెప్పుకున్నారు. కానీ పాత ఇశ్రాయేలులో ఆ పైర్లు పండించిన ఆధారాలు బలహీనమని, వాటిలో మిష్నా నక్కతోక వెన్ను అని పిలిచేది నిజానికి రెండు వరుసల యవలేనని వృక్షశాస్త్రం తెలిసిన ఇశ్రాయేలు పండితులు వాదించారు.

ఈ ఐదింటితోనే మత్సా ఎందుకు? పులిసే శక్తి ఉన్న గింజతోనే పులియని రొట్టె చేయాలన్నది తాల్మూద్ సూత్రం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా విడిపడుతుంది. పులిసే ప్రమాదమే లేనిదాన్ని పులవకుండా కాపాడామంటే అర్థం లేదు గదా. బియ్యం, చిరుధాన్యాలు తడిస్తే పులవవు, కుళ్ళుతాయి అని వాళ్ళు తీర్మానించారు. రబ్బీ యోహానాన్ బెన్ నూరీ ఒక్కడు బియ్యమూ ధాన్యమే, పులుస్తుంది అని పట్టుబట్టాడు గానీ ఆయన మాట నెగ్గలేదు. పైగా తాల్మూద్ పండితుడు రవ్ హూనా పస్కా పళ్ళెంలో పెట్టాల్సిన రెండు వంటకాలు బీటు ఆకుకూర, అన్నం అన్నాడు.

కాబట్టి రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి, బియ్యమూ మినప్పప్పే గనుక, ఎంత పొంగినా చట్టం దృష్టిలో అది పులిసినది కాదు. అదే కారణంగా ఇడ్లీ మత్సా కూడా కాలేదు. స్పెయిను, అరబ్బు దేశాల సంప్రదాయంలోని సెఫార్దీ, మిజ్రాహీ యూదుల్లో చాలామంది పస్కాలో అన్నం తింటారు. గోధుమ గింజ కలిసిందేమోనని బియ్యాన్ని మూడుసార్లు ఏరడం వాళ్ళలో ఆచారం. అష్కెనాజీలకు మాత్రం బియ్యం, పప్పులు, మొక్కజొన్న 13వ శతాబ్దం నుంచి కనిపించే ఆచారం వల్ల నిషిద్ధం. ఒకే పొలంలో మార్చి మార్చి వేస్తారు, ఒకే బస్తాల్లో పోస్తారు, పిండి చేస్తే పోలిక తెలియదు, ఇవీ చెప్పిన కారణాలు. అమెరికాలోని కన్సర్వేటివ్ ఉద్యమం 2015లో ఈ కట్టు సడలించింది. ఆర్థడాక్స్ అష్కెనాజీలు సడలించలేదు.

మన వంటింటి సరుకుల్ని ఈ కళ్ళతో చూస్తే ఊహించని చోట్ల దొరికిపోతాం. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది. సేమ్యా, మైదా, బార్లీ గంజి, మాల్ట్ పొడులు తేటగానే నిషిద్ధం. కనిపించని దొంగ ఇంగువ. అంగట్లో దొరికే కూట ఇంగువలో చాలావాటికి గోధుమ పిండో మైదానో కలుపుతారు. చారులో వేసిన చిటికెడే చాలు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిము కుటుంబాలున్నాయి. తెలుగు వంటింట్లో పస్కా అన్నప్పుడు ఇవేవీ ఊహాప్రశ్నలు కావు.

గొర్రెపిల్ల, చేదు కూర

రొట్టె పక్కనుండే మిగతా రెండింటి గురించి క్లుప్తంగా. గొర్రెపిల్లను నీళ్ళలో ఉడికించకూడదు, నిప్పు మీదే కాల్చాలి, ఎముక విరగకూడదు. ఊచగా దానిమ్మ కర్ర వాడాలని మిష్నా చెప్పింది. ఇనుప ఊచ కాగితే మాంసం నిప్పుతో గాక ఇనుము వేడితో కాలినట్టవుతుంది. మిగతా కర్రలు చెమ్మ వదులుతాయి, అప్పుడు ఆ చోట మాంసం ఉడికినట్టవుతుంది. క్రీ.శ. 70లో దేవాలయం కూలాక యూదులు ఈ బలి మానేశారు. నాబ్లస్ పక్కన గెరిజీము కొండ మీద సమరయులు (తోరాను పాటించే, యూదుల నుంచి వేరైన చిన్న సమాజం) మాత్రం ఇప్పటికీ ఆపలేదు. వాళ్ళ జనాభా వెయ్యిలోపే. సాయంత్రం గొర్రెల్ని కోసి, ఊచలకు గుచ్చి, నిప్పులు నిండిన లోతైన గోతుల్లో దించి, పైన మట్టితో మూసేస్తారు. గాలి లోపలికి పోతే మంట లేచి మాంసం మాడుతుంది, అందుకే ఆవిరి తప్పించుకునే ప్రతి సందునూ బురదతో మెత్తుతారు. రాత్రి పొద్దుపోయాక తీసి, మెత్తటి పులియని రొట్టెతో, చేదు ఆకులతో తింటారు. మిగిలింది తెల్లారేలోపు కాల్చేస్తారు.

చేదు కూరల్లో మిష్నా మొదట చెప్పింది లెట్యూస్. మొదట తియ్యగా ఉండి, ఎండలు ముదిరి కాడ వేసేసరికి చేదెక్కుతుంది. చలిదేశాల్లో ఆ కాలానికి లెట్యూస్ మొలకెత్తదు. కాబట్టి పోలండు వైపు హార్స్‌రాడిష్ దుంప తురిమి పెట్టుకున్నారు. అది చేదు కాదు, ఆవఘాటు. పక్కనుండే హరోసెత్ పచ్చడి బాగ్దాదు యూదులకు ఖర్జూర పాకంతో, ఐరోపా వాళ్ళకు ఆపిల్, అక్రోటుతో.

ప్రభువు బల్ల మీద ఏ రొట్టె

యేసు చివరి భోజనం పస్కా భోజనమే అని మత్తయి, మార్కు, లూకా చెబుతారు. యోహాను లెక్కలో సిలువ పడింది పస్కా సిద్ధపరచే రోజున, అంటే భోజనం పండుగకు ముందే జరిగింది. మొదటి లెక్కైతే ఆ బల్ల మీదున్నది పులియని రొట్టే. రెండో లెక్కైతే పులిసినది ఉండే వీలుంది. ఈ ఒక్క రోజు తేడా మీదే తూర్పు పడమర సంఘాలు శతాబ్దాలు వాదించుకున్నాయి. బైజాంటియం సంఘాలు పులిసిన రొట్టె వాడేవి, పులుపును ప్రాణానికి గుర్తుగా చూశాయి. రోము వైపు పులియని రొట్టె స్థిరపడింది. 1053లో ఓహ్రిడ్ బిషప్పు లియో పులియని రొట్టెను యూదాచారమని తిడుతూ లేఖ రాశాడు. 1054 జూలై 16న పోపు దూత కార్డినల్ హంబర్ట్ కాన్‌స్టాంటినోపుల్‌లోని హగియా సోఫియా బలిపీఠం మీద వెలివేత పత్రం పెట్టాడు. వివాదానికి కారణాలు చాలా ఉన్నా, జనం నోట నలిగింది రొట్టె గురించే. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ రెండు రొట్టెలూ చెల్లుతాయంది. తూర్పు సంఘాల్లో ఆర్మేనియన్లు మాత్రం ముందునుంచీ పులియని రొట్టే వాడుతున్నారు.

కేరళ నస్రాణీల (అక్కడి పాత క్రైస్తవుల) ఇళ్ళలో, ఈస్టరుకు ముందొచ్చే పెద్ద గురువారం రాత్రి చేసే పెసహా అప్పం ఈ కథలో ఓ కొత్త ముడి. బియ్యప్పిండి, మినప్పప్పు రుబ్బి, కొబ్బరి కలిపి, పులియనివ్వకుండా వెంటనే ఆవిరి మీద ఉడికిస్తారు. పైన మట్టలాదివారపు లేత కొబ్బరాకు సిలువ పెడతారు. ఇంటి పెద్ద విరిచి, బెల్లం, కొబ్బరిపాలతో చేసిన పెసహా పాలతో పంచుతాడు. రబ్బీల లెక్కలో బియ్యం కాబట్టి ఇది పులియని రొట్టె కాదు. కతోలిక చట్టంలో దివ్యబలికి (గుడిలో జరిగే ప్రభు భోజన ఆరాధనకు) చెల్లదు. చెల్లడం దాని ఉద్దేశమూ కాదు, అది ఇంటి ఆరాధన.

కతోలిక చట్టం 924వ నిబంధన రొట్టె వట్టి గోధుమదై, చెడిపోని తాజాదై ఉండాలంటుంది. బియ్యప్పిండి హోస్తి (దివ్యబలిలో పంచే పలుచటి రొట్టె బిళ్ళ) చెల్లదు. గ్లూటెన్ పడనివాళ్ళకు గ్లూటెన్ బాగా తగ్గించిన హోస్తి సరేగాని, మొత్తం తీసేసినది కుదరదని 2017లో వాటికన్ మళ్ళీ గుర్తుచేసింది. అదీ పడనివాళ్ళు ద్రాక్షారసం మాత్రమే స్వీకరించవచ్చు. హోస్తీల తయారీ మత్సాకు పూర్తిగా భిన్నం. దోసెపిండి కన్నా పలుచటి గోధుమపిండి జావను రెండు కాలిన ఇనుప పలకల మధ్య పోసి నొక్కుతారు. వచ్చిన పలుచటి రేకును చెమ్మగదిలో మెత్తబడనిచ్చాకే గుండ్రంగా కోస్తారు. ఎండుగా ఉండగా కోస్తే ముక్కలైపోతుంది. లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ సంఘాలకు ఇంత కట్టుదిట్టం లేదు.

ఇంట్లో చేసి సంఘానికి ఇవ్వాలనుకునేవాళ్ళకు ఒక కొలత. గోధుమపిండి 120 గ్రాములు, చల్లటి నీళ్ళు 60 నుంచి 65 మిల్లీలీటర్లు. పెనం ముందే పొగలొచ్చేలా కాల్చి ఉంచుకుని అప్పుడే నీళ్ళు పోయండి, పిండి కలిపి పొయ్యి వెలిగిస్తే గడువు అక్కడే కరిగిపోతుంది. నాలుగైదు నిమిషాలు పిసికి, నాలుగు ఉండలు చేసి, రెండు మిల్లీమీటర్లకన్నా పలుచగా ఒత్తాలి. ఫోర్కుతో సెంటీమీటరుకొక పోటు, అడుగుదాకా దిగేలా పొడవాలి. పైపైన పొడిస్తే పుల్కాలా పొంగుతుంది. పెనం మీద ఒక్కో వైపు నిమిషం, తర్వాత మంట తగ్గించి పెళుసుబారేదాకా. మధ్యలో తోలులా సాగితే మందంగా ఒత్తారనో, నీళ్ళు ఎక్కువయ్యాయనో లెక్క. పాలు, చక్కెర, వెన్న కలిపితే రుచి పెరుగుతుంది, కానీ అది బిస్కెట్టు. కోస్తా జిల్లాల ఉక్కలో ఇది గంటల్లో మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారాకే గాలి చొరని డబ్బాలో పెట్టాలి, వేడిమీద మూత పెడితే దాని ఆవిరికే అది తడుస్తుంది. మెత్తబడినదాన్ని పొడి పెనం మీద అర నిమిషం వేడి చేస్తే మళ్ళీ విరుగుతుంది.